900 మీటర్ల బడికి కూడా బండే ఎందుకు? మన పిల్లలు నడవడం ఎప్పుడు మానేశారు?

మూడో అంతస్తు (హైదరాబాద్) | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేముండేది కూకట్‌పల్లి దాటాక కొత్తగా పెరిగిన వైపు. మా ఇంటి నుంచి మా వాడి బడి 900 మీటర్లు. వాడిప్పుడు ఐదో తరగతి. ఒకటో తరగతి నుంచీ రోజూ నేనే స్కూటీ మీద దించుతున్నాను.

పోయిన గురువారం స్కూటీ పంక్చరైతే నడిపించుకుని తీసుకెళ్ళాను. దారి పొడుగునా ప్రశ్నలే. "అమ్మా, ఈ చెట్టుకు కాయలున్నాయే!" "ఈ కుట్టుమిషన్ తాత ఎప్పట్నించి ఇక్కడున్నాడు?" ఆ తాత మేమీ ఇంట్లోకి రాకముందు నుంచే ఉన్నాడు. ఐదేళ్ళుగా అదే దారిలో వెళ్తున్నా వాడికి ఆ దారి తెలియదు. ఇంటికొచ్చాక చాలాసేపు అదే ఆలోచించాను.

మా అపార్ట్‌మెంట్ నుంచి అదే బడికి వెళ్ళేవాళ్ళు 14 మంది. ఇంటింటికీ వెళ్ళి అడిగాను, ఒక్కరూ నడవడం లేదు. ఎనిమిది మంది బండి మీద, నలుగురు ఆటోలో, ఇద్దరు కారులో. నేను పదో తరగతి దాకా నడిచే చదువుకున్నాను. మీ ఊళ్ళలో ఎలా ఉంది? ఇది ఎక్కడ మొదలైంది?

కాలవగట్టు (భీమవరం దగ్గర) | ఆదివారం రాత్రి 10:15

చెల్లెమ్మా, మాది పశ్చిమ గోదావరి. మా హైస్కూలు మూడు కిలోమీటర్లు. కాలవ గట్టు మీద పది, పన్నెండు మందిమి కలిసి వెళ్ళేవాళ్ళం. వానాకాలం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళం, లేకపోతే బురదలో ఊడిపోయేవి. ఏడో తరగతిలో సైకిల్ నేర్చుకున్నాను. సీటు అందదు కదా, ఫ్రేము సందులోంచి కాలు పెట్టి తొక్కడమే. గంటకింత అని అద్దెకిచ్చే షాపు ఉండేది. పది నిమిషాలు ఆలస్యమైనా డబ్బులు అడిగేవాడు కాదు ఆయన.

ఇప్పుడు మా వీధిలో పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. పాలప్యాకెట్ తేవడానికి కూడా నడవరు. సుకుమారం ఎక్కువైపోయింది. తప్పు పెంపకంలోనే ఉంది.

డొంక రోడ్డు (గుంటూరు వైపు) | ఆదివారం రాత్రి 10:50

కాలవగట్టు అన్నయ్య గారూ, పెంపకం అనే మాట దగ్గర ఆగాను. నా సంగతి చెప్తాను.

మా ఊరు పదహారో నంబరు హైవేని ఆనుకుని ఉంటుంది. నా చిన్నప్పుడు అది రెండు వరసల రోడ్డు, ఒక లారీ పోయాక ఇంకో లారీ వచ్చేలోపు దాటేవాళ్ళం. తర్వాత నాలుగు వరసలు చేశారు. ఊరు రోడ్డుకు ఒక పక్క, బడి ఇంకో పక్క మిగిలాయి. కింద నుంచి దాటే దారి ముప్పావు కిలోమీటరు అవతల ఉంది. వాన పడితే అందులో మోకాలి లోతు నీళ్ళు. అందుకని జనం మధ్య గోడ మీద నుంచే దూకుతారు, పిల్లలూ దూకుతారు.

మా అమ్మాయి ఏడో తరగతిలో సైకిల్ కావాలంది. కొనిచ్చాం. నేనే పక్కన నడిచి సర్వీసు రోడ్డులో వారం రోజులు అలవాటు చేశాను. ఎడమ పక్కనే వెళ్ళాలి, మలుపులో దిగి నడిపించుకోవాలి అని చెప్పాను. అన్నీ పాటించింది. నలభై రోజులకు రాంగ్ రూట్లో వచ్చిన బైకు ఎదురుగా వచ్చి కొట్టింది. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆ బైకు అతను లేవనెత్తి, "పాపా, చూసుకోవాలి కదా" అన్నాడట.

ఇప్పుడు చెయ్యి బాగానే ఉంది. సైకిల్ మాత్రం గొడ్లపాకలో తలకిందులుగా వేలాడుతోంది. నేను దింపను, అది అడగదు. ఇందులో సుకుమారం ఎక్కడుంది అన్నయ్యా?

కాలవగట్టు | ఆదివారం రాత్రి 11:05

అమ్మా, క్షమించాలి. ఆ మాట తొందరపడి అన్నాను. మేం నడిచిన గట్టు మీద లారీలు లేవు. ఎదురుపడితే ఎడ్లబండో, తాటికల్లు కుండలతో పోయే సైకిలో. ఆ తేడా నేను లెక్కలో వేసుకోలేదు.

పలకా బలపం (ప్రభుత్వ ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా) | సోమవారం ఉదయం 6:10

రోడ్డు సంగతి నిజమే. దాంతోపాటు ఇంకోటి చూడండి. బడే దూరమైపోయింది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఒకటి నుంచి ఐదు దాకా కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని దాని నిబంధనలు. ఆ కిలోమీటరు అంకె ఎవరో గాల్లోంచి తెచ్చింది కాదు, చిన్నపిల్లలు నడిచి వెళ్ళగలిగే దూరమని వేసిన అంకె. మా ఊళ్ళో ఆ బడి ఉంది, అందులోనే నేను పనిచేస్తున్నాను. రోజూ పొద్దున ఏడింటికి పట్నం నుంచి నాలుగు పసుపు బస్సులు వచ్చి, మా గేటు ముందే ఆగి, పిల్లల్ని ఎక్కించుకుని 14 కిలోమీటర్లు పోతాయి. నాకు మిగిలేది 23 మంది. ఆ 23 మంది మాత్రం నడిచే వస్తారు.

తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. ఇంగ్లీషు కావాలి, తరగతికో టీచరు కావాలి అంటారు, అది న్యాయమైన కోరికే. బస్సు ఎక్కడంతోనే నడక ఆగిపోయిందని మాత్రం ఎవరికీ తట్టదు.

ప్రభుత్వం చేసిందీ ఉంది. 2022లో వచ్చిన జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని చాలాచోట్ల దగ్గరలోని హైస్కూళ్ళకు తరలించారు. కాగితం మీద కిలోమీటరు లోపే. కానీ ఆ కిలోమీటరులో వాగుందా, రోడ్డుందా అని ఎవరు నడిచి చూశారు? ఎనిమిదేళ్ళ పిల్లని ఒంటరిగా పంపలేక కూలి మానుకుని దిగబెట్టిన తల్లులు నాకు తెలుసు. రెండు వారాలు అలా చేసి, చివరికి ప్రైవేటు బస్సు ఎక్కించారు. ఆ జీవోను 2025లో వెనక్కి తీసుకున్నారు. అప్పటికే వెళ్ళిపోయిన పిల్లలు మాత్రం తిరిగి రాలేదు.

రాత్రి షిఫ్ట్ (హైదరాబాద్) | సోమవారం ఉదయం 8:55

నేను పంపను. పంపనందుకు నాకేం సిగ్గు లేదు.

మా పాప ఆరో తరగతి. నిన్న రాత్రి బ్యాగు తూకం వేశాను. పుస్తకాలు, లంచ్ బాక్సు, నీళ్ళ బాటిల్ కలిపి 7 కిలోల 400 గ్రాములు. పాప బరువు 33 కిలోలు. బ్యాగు ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని కేంద్రం 2020లోనే విధానం తెచ్చింది. ఆ లెక్కన మూడు కిలోల చిల్లర ఉండాలి. ఈ మోతతో ఒకటిన్నర కిలోమీటరు నడవమని ఎలా చెప్పను?

తర్వాత టైము. బడి నాలుగింటికి అయిపోదు. ఫౌండేషన్ క్లాసు, స్టడీ అవర్ అని వదిలేసరికి ఆరున్నర. చలికాలం అప్పటికే చీకటి.

కుక్కల సంగతి కూడా చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ సీసీ కెమెరా దృశ్యం చూశాక చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు. మా సందు మొదట్లో చెత్త వేసే చోట రోజూ ఏడెనిమిది కుక్కలుంటాయి. పాప వాటిని దాటే వెళ్ళాలి. అందుకే డ్యూటీ దిగి, కళ్ళు మండుతున్నా నేనే దించి వచ్చి పడుకుంటాను.

మూడు చక్రాలు (ఆటో డ్రైవర్, వరంగల్) | సోమవారం మధ్యాహ్నం 1:20

సార్లకు, మేడమ్‌లకు నమస్తే. బడి పిల్లల్ని తీసుకెళ్ళే పని నాది, పదకొండేళ్ళయింది. ఒక మాట నిజం చెప్తాను. నా ఆటోలో పదకొండు మంది ఉంటారు, నా పక్కన ఇద్దరు. తప్పని తెలుసు. ఆరుగురినే ఎక్కిస్తాను, మనిషికి నెలకు రెండు వందలు ఎక్కువివ్వండి అని ఓసారి అడిగాను. ముగ్గురు ఒప్పుకున్నారు, మిగతావాళ్ళు వేరే ఆటో చూసుకున్నారు. మళ్ళీ పదకొండుకే వచ్చాను.

నేను ఎక్కించే మొదటి బాబు ఇల్లు బడికి కిలోమీటరున్నర. వాడు 7:05కి ఎక్కుతాడు. అందర్నీ ఎక్కించుకుని బడికి చేరేది 8:10కి. గంట ఐదు నిమిషాలు! నడిస్తే అరగంటలో ఉంటాడు. పాపం, రోజూ నా భుజం మీద తల పెట్టి నిద్రపోతాడు.

వాళ్ళ అమ్మతో చెప్పాను, "అక్కా, నడిపించండి, నాకు పోయేది ఒక్క కిరాయే" అని. "తమ్ముడూ, చౌరస్తా ఎవరు దాటిస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ చౌరస్తా దాటడానికి నాకే భయం.

డాలస్ దారి (టెక్సాస్) | సోమవారం మధ్యాహ్నం 3:00

ఇక్కడి సంగతి కూడా చెప్తాను. ఇది మన దగ్గరే జరుగుతోందని అనుకోకండి. అమెరికాలో 1969లో 5 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో దాదాపు 48 శాతం నడిచో, సైకిల్ మీదో బడికి వెళ్ళేవారు. 2009 నాటికి అది 13 శాతానికి పడిపోయింది. నలభై ఏళ్ళలో! కారణాలు వింటే మన ఊరి కథలాగే ఉంటుంది. ఊళ్ళు బయటికి పెరిగాయి, చిన్న బడులు మూసి ఊరి చివర పెద్ద బడులు కట్టారు, అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తూ దారిలో దించేయడం మొదలుపెట్టారు. దించే కార్లు ఎక్కువై బడి ముందు రోడ్డు ప్రమాదంగా మారింది. అది చూసి నడిపించేవాళ్ళు కూడా కార్లు తీశారు.

చివరి సంగతి ఇంకోసారి చదవండి. మన బళ్ళ గేట్ల ముందు జరుగుతున్నది అదే.

2005లో అమెరికా కేంద్ర ప్రభుత్వం బడి దారుల కోసం ప్రత్యేకంగా నిధులు పెట్టి, కాలిబాటలు, గీతలు, సిగ్నళ్ళు వేయించడం మొదలుపెట్టింది. మా బడి దగ్గర చేతిలో స్టాప్ బోర్డు పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడుతుంది. బోర్డు ఎత్తిందంటే ఎంత పెద్ద ట్రక్కైనా ఆగాల్సిందే. మా వీధిలో నాలుగు తెలుగు కుటుంబాల వాళ్ళం వంతులు వేసుకుని తొమ్మిది మంది పిల్లల్ని నడిపిస్తున్నాం. నా వంతు మంగళవారం.

మూడో అంతస్తు | సోమవారం రాత్రి 9:30

అందరి మాటలూ చదివాను. డొంక రోడ్డు గారూ, మీది రెండుసార్లు చదివాను.

ఈరోజు ఒక పని చేశాను. మా వాడిని దించాక స్కూటీ అక్కడే వదిలి, ఫోన్లో రాసుకుంటూ ఇంటిదాకా నడిచాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

బడి గేటు నుంచి మొదటి 60 మీటర్లు కార్లు, ఆటోలు, మాలాంటి స్కూటీలు. పిల్లాడు నడవాలంటే వాటి మధ్య నుంచే నడవాలి. తర్వాత కాలిబాట ఉంది, ఎత్తు నా మోకాలికి కాస్త తక్కువ. ఎనిమిదేళ్ళ పిల్ల చెయ్యి ఆనించి ఎక్కాలి. ఎక్కిన 20 అడుగులకే ట్రాన్స్‌ఫార్మర్, చుట్టూ ఇనుప కంచె. దిగాలి. మళ్ళీ ఎక్కితే టిఫిన్ బండి, అక్కడ కాలిబాట మీదే గిన్నెలు కడిగిన నీళ్ళు. ఆ బండి ఆవిడ మీద నాకు కోపం లేదు, తనకూ బతకడానికి ఓ చోటు కావాలి. ఆపైన వరసగా ఐదు సెల్లార్ ర్యాంపులు, కారు ఎప్పుడు పైకొస్తుందో తెలియదు. ఒకచోట మ్యాన్‌హోల్ మూత లేదు, గుర్తుగా చెట్టుకొమ్మ గుచ్చారు. కొమ్మ ఎండిపోయింది, అంటే గుచ్చి చాలా రోజులైంది.

ఇంటికి 250 మీటర్ల దూరంలో మెయిన్ రోడ్డు. దాటడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. జీబ్రా గీతలు ఒకప్పుడు ఉండేవట. వాటర్ ట్యాంకర్లు, రెడీమిక్స్ లారీలు, రాంగ్ రూట్లో బైకులు. పెద్దదాన్ని నేనే రెండుసార్లు ముందుకేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను.

మొత్తం 900 మీటర్లలో నిశ్చింతగా నడిచింది మా సందు ఒక్కటే. అయితే ఇంకోటి కూడా తెలిసింది. నిజంగా ప్రాణం మీదికి వచ్చేది ఒక్క చోటే, ఆ మెయిన్ రోడ్డు. మిగతావి ఇబ్బందులు, పెద్దవాళ్ళు తోడుంటే దాటొచ్చు.

లేత మబ్బు (డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం) | సోమవారం రాత్రి 10:20

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద సైకిల్ ఇచ్చారు. మా ఊరి నుంచి హైస్కూలు ఐదు కిలోమీటర్లు. అంతకుముందు మా అక్క ఎనిమిదితోనే ఆపేసింది. దారిలో టీ కొట్టు దగ్గర కూర్చునే అబ్బాయిల మాటలు భరించలేక, ఇంట్లో చెప్పుకోలేక ఆపేసింది.

మా తరగతిలో ఆరుగురికి ఒకేసారి సైకిళ్ళు వచ్చాయి. ఆరుగురం కలిసే వెళ్ళేవాళ్ళం. టీ కొట్టు వచ్చేముందు అందరం బెల్లు కొట్టేవాళ్ళం. ఒక్కదాన్నైతే తల దించుకుని పోయేదాన్ని. ఆరుగురం కదా, వాళ్ళే తల తిప్పుకునేవాళ్ళు. పదో తరగతి ఆరుగురమూ పాసయ్యాం.

నా సైకిల్ ఇప్పుడు మా నాన్న పాల క్యాన్లకు వాడుతున్నారు. మా తమ్ముడు తొమ్మిదో తరగతి, ఇస్తానన్నా తొక్కడు. "ఫ్రెండ్స్ అందరూ స్కూటీల మీద వస్తారు, సైకిల్ అంటే నామోషీ" అంటాడు.

పలకా బలపం | మంగళవారం ఉదయం 6:00

తల్లీ, బాగా చెప్పావు. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాత ఆర్థికవేత్తలు లెక్కకడితే సెకండరీ స్కూల్లో చేరే అమ్మాయిలు దాదాపు 30 శాతం పెరిగారు. బడి దూరంగా ఉన్న ఊళ్ళలో ఫలితం ఇంకా ఎక్కువ. గుంపుగా తొక్కడం వల్ల భయం తగ్గడం కూడా ఒక కారణమని వాళ్ళే అన్నారు. మీ ఆరుగురి బెల్లు లాంటిదే.

మీ తమ్ముడి స్నేహితుల ఇళ్ళలో ఒక మాట చెప్పండి. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండికి లైసెన్సు కావాలి, హెల్మెట్ కావాలి, పెట్రోలు కావాలి. ఇవేవీ అక్కర్లేని సైకిల్ ఎప్పుడు నామోషీ అయిందో నాకు అర్థం కాదు. అట్లాస్ సైకిల్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూన్ 3న మూసింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. నా మొదటి జీతంతో కొన్నది అట్లాసే, ఆ వార్త చదివిన రోజు మనసు బాగోలేదు.

రాత్రి షిఫ్ట్ | మంగళవారం ఉదయం 9:15

సైకిల్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో కట్టారు, పైన సోలార్ పలకలు, కింద నీడ. చూడడానికి చాలా బాగుంటుంది, ఆదివారం పాపని తీసుకెళ్ళాను. కానీ అక్కడికి సైకిల్‌ని కారులో పెట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది. అలాంటిది బడి నుంచి ఇళ్ళకు ఒక్క కిలోమీటరు వేస్తే చాలు, నాలాంటివాళ్ళ మనసు మారుతుంది.

మూడో అంతస్తు గారూ, మీరు రాసిన "ఒక్క చోటే" అన్న మాట పట్టుకుని ఈ పొద్దున మా దారి కూడా చూశాను. మాకూ ప్రమాదం రెండు చోట్లే, చౌరస్తా, కుక్కల మలుపు. చెత్త తీస్తే కుక్కలు అక్కడ చేరవు. మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాను. తీసేదాకా వారానికోసారి వెళ్ళి అడుగుతాను.

మూడో అంతస్తు | మంగళవారం రాత్రి 9:00

డాలస్ దారి అన్నయ్య చెప్పిన వంతుల పద్ధతి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. ఐదు ఇళ్ళవాళ్ళు సరే అన్నారు, ఏడుగురు పిల్లలు. ముగ్గురు "చూసి చెప్తాం" అన్నారు. ఒకావిడ ఫోన్ చేసి గట్టిగా మందలించింది, ఏదైనా అయితే ఎవరు బాధ్యులు అని. సరైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేక, "మొదటి వారం రోజూ నేనే వస్తాను" అన్నాను.

రోడ్డు దాటించే మనిషి కోసం ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. పొద్దున అరగంట హోంగార్డును ఇమ్మని కాగితం రాసిచ్చాను. అక్కడి సార్ మంచిగానే మాట్లాడారు, మనుషులు తక్కువున్నారన్నారు. బడి తరఫున ఉత్తరం ఉంటే బాగుంటుందన్నారు. బడిలో అడిగితే, గేటు బయట జరిగేది తమ బాధ్యత కాదన్నారు. నాకు చాలా కష్టమేసింది. రేపు ఇంకోసారి అడుగుతాను, ఈసారి ఐదుగురు తల్లులం కలిసి.

మూడు చక్రాలు | మంగళవారం రాత్రి 9:35

మేడమ్, మీ దగ్గర కూడా బడి ఆటోవాళ్ళు ఉంటారు కదా. వాళ్ళతో మాట్లాడండి. గేటుకు వంద అడుగుల ఇవతలే ఆపమని చెప్పండి, గేటు ముందు ఖాళీ అవుతుంది. ఒకడు ఒప్పుకుంటే మిగతావాళ్ళు వింటారు. మా దగ్గర నేను రేపటి నుంచి అట్లనే ఆపుతాను.

డొంక రోడ్డు | బుధవారం ఉదయం 7:10

మీరు నడిచే రోజు ఎలా జరిగిందో తప్పకుండా రాయండి. ఎదురుచూస్తుంటాను.

మూడో అంతస్తు | శుక్రవారం ఉదయం 10:45

నడిచాం.

7:50కి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కలిశాం. ఏడుగురన్నారు కదా, ఆరుగురు వచ్చారు. ఒక బాబుకు జ్వరం. బరువైన పుస్తకాలన్నీ నా స్కూటీ డిక్కీలో, మా పక్కింటి ఆయన దాన్ని ముందే తీసుకెళ్ళి బడి దగ్గర పెట్టారు. పిల్లల దగ్గర నీళ్ళ బాటిల్ ఒక్కటే.

మెయిన్ రోడ్డు దగ్గర హోంగార్డు లేడు. నేనూ, రెండో అంతస్తు అమ్మాయీ చెరో పక్క చెయ్యెత్తి నిలబడ్డాం. ఒక ట్యాంకర్ ఆగింది, వెనకాల ఆర్టీసీ బస్సు ఆగింది. ఒక బైకు మాత్రం ఆగకుండా మా ముందు నుంచే పోయింది, పిల్లలు ఇంకా అడుగు వేయలేదు కాబట్టి సరిపోయింది. గుండె దడదడలాడింది. దాటాక మా వాడు నా చెయ్యి వదిలేసి ముందున్న స్నేహితుడి పక్కకు వెళ్ళిపోయాడు. మిగతా దారంతా వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు, మాతో పనే లేదు.

కుట్టుమిషన్ తాత లేచి నిలబడి, "ఏ బడి బాబూ మీది?" అని అడిగాడు. ఆరుగురూ ఒకేసారి అరిచి చెప్పారు. ఆ మ్యాన్‌హోల్ దగ్గర ఆయనే కుర్చీ ఒకటి అడ్డం పెడతానన్నాడు.

20 నిమిషాలు పట్టింది. స్కూటీ మీద ఆ గుంపులో దూరి, దించి, బయటపడడానికి 15 పట్టేది.

బడి వాళ్ళు ఉత్తరం ఇంకా ఇవ్వలేదు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాం. పక్క అపార్ట్‌మెంట్ నుంచి ఇద్దరు వస్తామన్నారు, వాళ్ళని 7:55కి మా సందు చివర కలవమన్నాను.

డొంక రోడ్డు | శుక్రవారం మధ్యాహ్నం 12:30

చదివాను. మా అమ్మాయికి కూడా చదివి వినిపించాను. హైవే దాటడం మాకు ఇప్పుడు కుదరదు, ఆ కింద దారిలో నీళ్ళు తీసేదాకా కుదరదు. దాని కోసం పంచాయతీలో సంతకాలు పెట్టిస్తున్నాను, 40 దాకా వచ్చాయి. సాయంత్రం సైకిల్ కిందికి దింపుదాం, పొలం డొంకలో తొక్కుదువుగాని అన్నాను. "గాలి ఉందా అమ్మా?" అని అడిగింది.